గది చేర్చే ప్రక్షిప్తాలు

తాళపత్ర గ్రంథాల పరిష్కరణ గురించి కొంత చదువుకొన్నవారికి రెండు మాటలు బాగా తెలిసి ఉంటాయి. ఒకటి ప్రక్షిప్తం, రెండవది గ్రంథపాతం. కవి రాయనిదాన్ని తరువాతివాడెవడో చేర్చితే అది ప్రక్షిప్తం. కవి రాసినది చెదలకో, తేమకో, లేఖకుని కునుకుపాటుకో పోయిందంటే అది గ్రంథపాతం. మొదటిదాన్ని పరిష్కర్త గుర్తుపట్టి తొలగించవచ్చు. రెండవదాన్ని గుర్తుపట్టడం వరకే అతని పని. పూరించే అధికారం అతనికి లేదు. ఉద్యోగ విరమణ తరువాత పాటలూ పద్యాలూ వినడానికి ఇంట్లో ఒక స్టీరియో అమర్చుకొన్నాను. గది చేసే దోషాలను కొలిచి ధ్వనిని సవరించే సాఫ్ట్‌వేరుతో రెండేళ్లుగా కుస్తీ పడుతున్నాను. ఈ కొత్త విద్య అంతా ఆ రెండు పాతమాటల్లోనే ఇమిడి ఉన్నదని నాకు తోచింది. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

స్పీకరు పలికినది పలికినట్లు మన చెవికి చేరదు. కొంత నేరుగా వస్తుంది. మిగిలినది గోడలకూ నేలకూ కప్పుకూ తగిలి, వెనుకగా వచ్చి దానితో కలుస్తుంది. మనం వినేది ఈ మిశ్రమాన్నే. ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో భరతముని నాట్యమండపానికి కొలతలు చెప్పాడు. మానవులకు 64 మూరల పొడవూ 32 మూరల వెడల్పూ గల మండపం చాలునన్నాడు. అంతకు మించితే నటుల మాట అస్పష్టమవుతుందన్నాడు. మండపం కొండగుహవలె ఉండాలని, గాలి విసురు లేకుండా, కిటికీలు తక్కువగా ఉండాలని, అప్పుడే స్వరానికి గాంభీర్యం వస్తుందని కూడా చెప్పాడు. గది కూడా ప్రదర్శనలో ఒక పాత్ర అని ఆయన గ్రహించాడన్నమాట. మా హిందూపురానికి దగ్గరలోనే లేపాక్షి ఉంది. అక్కడి నాట్యమండపంలో రంభ నాట్యానికి తుంబురాదులు వాద్యాలు వాయిస్తున్నట్లు చెక్కిన శిల్పి, ఆ వాద్యధ్వని బయటికి పోవడానికి చుట్టూ ఖాళీ కూడా వదిలిపెట్టాడు. నేటి మన ఇళ్లలో ఆ ఖాళీ లేదు. నాలుగు గోడల మధ్య ధ్వనిని బంధించి, అది సరిగా పలకడం లేదని పెట్టెను నిందిస్తుంటాము.

హిందూపురంలో మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. సిమెంటు గోడలు, కింద గ్రానైటు, ఒక పక్క గాజు తలుపుల అల్మరా. చూడడానికి అద్దంలా ఉంటుంది. ధ్వనికి కూడా అది అద్దమే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుందనుకొందాము. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు చేసి, దానితో ఆ వేగాన్ని భాగిస్తే, ఆ గోడల నడుమ నిలిచిపోయే మొదటి తరంగపు పౌనఃపున్యం వస్తుంది. పదవ తరగతి దాటిన ఎవరైనా చేయగల లెక్క ఇది. మా హాలు పొడవుకు 35 హెర్ట్జ్, వెడల్పుకు 47, ఎత్తుకు 56 దాకా వచ్చింది. పొడవు లెక్కకు రెట్టింపు 70, మూడింతలు 106. సంగీతంలో ఈ సంఖ్యలలో ఏదైనా ఒక స్వరం వచ్చిందా, గది దాన్ని పట్టుకొని ఊగుతుంది. ఒకటిన్నర కట్టె శ్రుతిలో పాడే గాయకుని తంబురా మంద్ర షడ్జం సుమారు 69 హెర్ట్జ్. అది మా గది 70కి ఎంత దగ్గరో చూడండి! మృదంగం ఎడమవైపు దెబ్బ పడితే, వాయించినవాడు చేయి తీసిన తరువాత కూడా మా గది ఒక గుక్క సేపు ‘గుమ్మ్’మంటూనే ఉండేది. వాయించినవాడు వాయించనిది అది. కనుక అది ప్రక్షిప్తం.

ఇక సాఫ్ట్‌వేరు సంగతి. కొందరు దీన్ని మృదూపకరణమంటారు. నేను వాడుకలో ఉన్న మాటే వాడుతున్నాను. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఒక సెలవు దినాన వచ్చి నా లాప్‌టాపులో రూమ్ ఈక్యూ విజార్డ్ అనేదాన్ని స్థాపించి పోయాడు. జాన్ మల్కాహీ అనే ఆయన రాసినది; ఉచితంగా దొరుకుతుంది. కొలతకు ఒక ప్రత్యేకమైన మైకు కావాలి. మేము వాడినది మినీడీఎస్పీ వారి యూమిక్-1. ప్రతి మైకుకూ దాని సొంత లోపాలను లెక్కగట్టిన సవరణ పత్రం ఒకటి ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌వేరుకు అందించాలి. కొలిచేవాని దోషం ముందు తీసివేసిన తరువాతనే కొలత మొదలన్నమాట. ఈ నియమం నాకు చాలా నచ్చింది. తాను ఏ ప్రతిని నమ్ముకొన్నాడో ముందుగా చెప్పుకొనే పరిష్కర్త పద్ధతి ఇదే కదా.

మనం కూర్చునే చోట, చెవుల ఎత్తులో మైకును నిలబెట్టాలి. స్పీకరు ఒక స్వరాన్ని అతి మంద్రం నుంచి అతి తారం దాకా, అంటే 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా, ఈలవలె లాగుతూ పోతుంది. ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆంజెలో ఫరీనా 2000లో ప్రచారంలోకి తెచ్చిన కొలత పద్ధతి ఇది. పంపినదేదో సాఫ్ట్‌వేరుకు తెలుసు. వచ్చినది మైకు చెప్పుతుంది. రెండింటినీ సరిపోల్చితే, నడుమ గది ఏమి చేర్చిందో, ఏమి మింగిందో తెర మీద కొండలూ లోయలుగా కనిపిస్తుంది. స్వీడన్‌లో ఉప్సాల నగరపు డిరాక్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మూలాలున్న ఆడిస్సీ మొదలైనవి ఈ పనిని తమంతట తాము చేసి పెడతాయి. ఖరీదైన ఆంప్లిఫయర్లలో వాటిని ముందే ఇమిడ్చి అమ్ముతారు. నాకు మాత్రం చేత్తో చేసుకోవడమే నచ్చింది. ఎక్కడ ఏ అక్షరం కొట్టివేశానో నాకు తెలియాలి.

మా కుర్చీ వద్ద మొదటి కొలతలో 70 హెర్ట్జ్ దగ్గర 11 డెసిబెల్ కొండ లేచింది. 47 దగ్గర మరొకటి, దానికంటె చిన్నది. 103 దగ్గర మాత్రం నిలువునా ఒక గొయ్యి. కొండలను తగ్గించడం సులభం. ఫలానా పౌనఃపున్యం వద్ద, ఇంత వెడల్పున, ఇన్ని డెసిబెల్ తగ్గించు అని ఒక వాక్యం రాస్తే చాలు. ఈక్వలైజర్ ఏపీవో అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేరు ఆ ఆజ్ఞను పాలిస్తుంది. 70 వద్ద 9 డెసిబెల్ తగ్గించి మళ్లీ కొలిస్తే కొండ కుంగింది. అంతకంటె ముఖ్యంగా, కుర్చీ వద్ద ఆ స్వరం సాగడం కూడా తగ్గింది. మంద్రస్థాయిలో కొండ ఎత్తూ, దాని సాగుడూ ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఒకటి సరిగా కుదిరితే రెండవది కూడా కుదురుతుంది. మృదంగం దెబ్బకూ దెబ్బకూ మధ్య మొదటిసారిగా నిశ్శబ్దం వినబడింది. లయకు ప్రాణం ఆ నిశ్శబ్దంలో ఉంటుంది.

గొయ్యి వద్దకు వచ్చేసరికి కథ మారింది. మా స్పీకర్లు వెనుక గోడకు రెండు ముప్పావు అడుగుల దూరంలో ఉండేవి. వెనుకకు పోయిన తరంగం గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి, 103 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా సగం అడుగు వెనుకబడి ముందువాని కాలికి అడ్డం పడుతుంది. రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. అక్కడ పది డెసిబెల్ పెంచుదామంటే ఆంప్లిఫయరు పది రెట్ల శక్తి ఇవ్వాలి. ఇచ్చినా ఫలితం లేదు, నేరుగా వచ్చేది ఎంత పెరిగితే గోడ నుంచి వచ్చేది కూడా అంత పెరుగుతుంది. గొయ్యి గొయ్యిగానే ఉంటుంది, స్పీకరు మాత్రం ఆయాసపడుతుంది.

ఇక్కడే నాకు భాగవతం గుర్తుకు వచ్చింది. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలు శిథిలమైతే బొప్పరాజు గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించారని మనం చదువుకొన్నాము. వారు కవులు, తమ పేర్లతో తమ శైలిలో పూరించారు. ఆ స్కంధాలు మనకు ఉన్నాయి, కాని అక్కడ పోతన లేడు. పూరించాలంటే కవి కావాలి. సాఫ్ట్‌వేరు కవి కాదు, పరిష్కర్త మాత్రమే. కనుక గొయ్యిని పూడ్చే ప్రయత్నం మాని, స్పీకర్లనే గోడకు అడుగు దూరానికి జరిపాను. గొయ్యి 280 దాపులకు పోయింది. అక్కడ ఎన్నో ఇతర ప్రతిఫలనాలు వచ్చి కలుస్తాయి కనుక అది పలచబడి, చెవికి ఆనలేదు. గోడకు దగ్గరైనందువల్ల మంద్రం మొత్తంగా కొంత పెరిగింది. పెరిగినదాన్ని తగ్గించడం సాఫ్ట్‌వేరుకు చేతనైన పని. లోటును అధికంగా మార్చి, అధికాన్ని దాని చేతికి అప్పగించాను.

ఇంతవరకు పాటల మాట. నేను ఈ శ్రమంతా పడింది నిజానికి ఒక క్యాసెట్టు కోసం. 1987 కరవు యేడు. వానల కోసం విరాటపర్వం చదివించడం మన వైపు పాత ఆచారం. పెనుకొండలో మా పూర్వీకుల ఇంటి పడసాలలో మా గురువుగారు కొన్ని దినాలు తిక్కనగారి విరాటపర్వం చదివి అర్థం చెప్పారు. అప్పుడు టేపురికార్డరులో పట్టిన రెండు గంటల పఠనం మిగిలింది. గురువుగారు ఇప్పుడు లేరు. ఆయన పద్యం చదివే తీరుకు ఈ క్యాసెట్టు తప్ప మరో సాక్ష్యం లేదు. మా అబ్బాయి దాన్ని కంప్యూటరుకు ఎక్కించాడు.

ఆ పఠనం గురించి నాకూ, ధర్మవరంలో ఉండే నా సహాధ్యాయికీ ముప్పై యేండ్లుగా ఒక వాదం ఉంది. గురువుగారు రేఫనూ శకటరేఫనూ వేరువేరుగా పలికేవారని నేనంటాను. ‘అది నీ భక్తి అప్పా, నాకైతే రెండూ ఒకటే వినపడినాయి’ అని అతడంటాడు. నేటి బడి పుస్తకాల్లో ఱ లేదు. ఏరు అంటే ఎంచడమనీ, ఏఱు అంటే నది అనీ చెప్పితే నా విద్యార్థులు నవ్వేవారు. ర-ఱలకు ప్రాస కుదురుతుందా లేదా అని లాక్షణికులు తరతరాలుగా వాదించుకొన్నారంటే, ఒకప్పుడు చెవికి ఆ భేదం ఉన్నదన్నమాట. ఆ భేదాన్ని నోట నిలుపుకొన్న చివరి తరంలో మా గురువుగారు ఒకరా కాదా అన్నది మాకు చిన్న ప్రశ్న కాదు.

కొండలన్నీ తగ్గించిన తరువాత ఆ క్యాసెట్టు పెట్టాను. గొంతులోని గుమ్మరింపు పోయింది. కుండలో తల పెట్టి మాట్లాడినట్లుండే కంఠం మనిషి కంఠమయింది. కాని ఱ మాత్రం తేలలేదు. కారణం ఆలోచిస్తే కనబడింది. ర పలికేటప్పుడు నాలుకకొన పైన ఒక్కసారి తాకి దిగుతుంది. ఱ పలికేటప్పుడు అది అదురుతుంది. సెకనుకు సుమారు పాతిక సార్ల వేగంతో తాకి విడుస్తుంది. తాకుడుకూ తాకుడుకూ మధ్య ఉండే ఎడమే ఱకు గుర్తు. మా హాలులో ఒక ధ్వని పూర్తిగా అణగిపోవడానికి 1.2 సెకన్లు పడుతున్నదని సాఫ్ట్‌వేరు చూపింది. ముందు అచ్చుల తోక ఆ ఎడాలన్నిటినీ పూడ్చివేస్తున్నది. అది స్వరాల హెచ్చుతగ్గుల దోషం కాదు, కాలానికి సంబంధించినది. దీన్ని ప్రతినాదమంటారు. నాలుగు దిక్కుల నుంచి వేల ముక్కలై వచ్చే ఈ ప్రతినాదాన్ని సాఫ్ట్‌వేరు కొలవగలదు, గీతగా గీసి చూపగలదు. కొట్టివేయడం దానికి చేతకాదు.

క్యాసెట్టును, స్పీకర్లను, లాప్‌టాపును మూట కట్టుకొని రైలెక్కి ధర్మవరం వెళ్లాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గం మీద వరుసగా ఉన్న ఊళ్లు. మూడూ ఒకప్పుడు అనంతపురం జిల్లావి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లావి. నా సహాధ్యాయిది నేతపని వారి ఇల్లు. ముందుగది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఎత్తు కూడా 10 అడుగులే. గోడల పొడుగునా పట్టుచీరల కట్టలు, పరుపు, దిండ్లు, నేల మీద జంపఖానా. నేను మైకు నిలబెట్టగానే ‘ఏమప్పా, పద్యం వినేదానికి వచ్చినావా, గోడలకు జ్వరం చూసేదానికి వచ్చినావా?’ అని నవ్వాడు.

జ్వరం బాగానే ఉంది. ప్రతినాదం 0.45 సెకన్లే. కాని 57 హెర్ట్జ్ దగ్గర మా ఇంటి కొండను తలదన్నే కొండ లేచింది. వెడల్పూ ఎత్తూ సమానం కనుక రెండింటి తరంగాలూ ఒకే సంఖ్య మీద వచ్చి పడ్డాయి. ఇన్ని చీరలు ఉండి కూడా ఈ కొండ ఎందుకు తగ్గలేదని అతడు అడిగాడు. 57 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు. గోడకు ఆనించిన గుడ్డ దాన్ని గట్టిగా ఆపాలంటే ఆ పొడవులో నాలుగవ వంతు, అంటే ఒకటిన్నర మీటరు మందం కావాలి. పట్టుచీరల కట్ట దానికి దోమతెర వంటిది. హల్లులు పుట్టే ఎత్తైన పౌనఃపున్యాల తరంగాలు కొన్ని అంగుళాలే కనుక అవి ఆ మడతల్లో చిక్కుకొని అణగిపోతాయి. అక్కడ నాకు పని పంపకం స్పష్టమయింది. కింది స్వరాల దోషం సాఫ్ట్‌వేరు వంతు. పై స్వరాల దోషం గుడ్డ వంతు. ఈ సరిహద్దు ఎక్కడో చెప్పడానికి జర్మనీ శాస్త్రజ్ఞుడు మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ పేరిట ఒక సూత్రం ఉంది. ప్రతినాద కాలాన్ని గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2000తో హెచ్చించాలి. మా హాలు 54 ఘనమీటర్లు. లెక్క వేస్తే సుమారు 300 హెర్ట్జ్. అంతకు పైన సాఫ్ట్‌వేరు చేత అతిగా దిద్దించకూడదు.

57 వద్ద కొండను తగ్గించి విరాటపర్వం పెట్టాము. ఇద్దరమూ కళ్లు మూసుకొని విన్నాము. రెండు పద్యాల తరువాత ‘మఱి’ అన్న మాట వచ్చింది. నాలుక అదిరింది, స్పష్టంగా అదిరింది. అతడు కళ్లు తెరిచి, మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. కొంతసేపటికి ‘ఎఱుగ’ దగ్గర కూడా అంతే. అతడేమీ అనలేదు. లోపలికి చూసి ‘కాఫీ తీసుకొని రాండమ్మా’ అని కేక వేశాడు. మా మధ్య ఒప్పుకోలుకు అదే గుర్తు.

చీరల మధ్య కూర్చున్నప్పుడు నాకు వాలెస్ సాబిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుని కథ జ్ఞాపకం వచ్చింది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని 1895లో ఈ యువకునికి ఆ సమస్యను అప్పగించారు. ఒక మాట పలికితే అయిదున్నర సెకన్ల దాకా వినబడేదట. అతని వద్ద ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, తన చెవి తప్ప ఏమీ లేవు. రాత్రివేళల్లో పక్కనున్న శాండర్స్ థియేటరు నుంచి మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్ని పరుస్తూ, ధ్వని అణగిపోయే కాలాన్ని కొలిచేవాడు. గది ఎంత పెద్దదైతే ప్రతినాదం అంత పెరుగుతుందనీ, పీల్చుకొనే వస్తువులు ఎంత పెరిగితే అంత తగ్గుతుందనీ అతడు తేల్చిన సూత్రమే నేటికీ ఆధారం. తెరచిన కిటికీ మీద పడిన ధ్వని తిరిగి రాదు కనుక, అటువంటి కిటికీ వైశాల్యాన్నే అతడు శోషణకు కొలబద్దగా తీసుకొన్నాడు.

ఆ కొలబద్దకు ఉదాహరణ పెనుకొండలో దొరికింది. తళ్లికోట యుద్ధం జరిగిన 1565 తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది. గగన్ మహల్ చూడవచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. మా పాత మిద్దెను చూసేవారు ఎవరూ లేరు. మందమైన రాతి మట్టి గోడలు, దూలాల మీద మట్టి కప్పు, పడసాలకు ఒక వైపు తలుపు, దాని ముందు ఆకాశానికి తెరచిన వాకిలి. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగి, ఆ పడసాలలోనే కొలిచాను. కొండలు లేకపోలేదు, కాని పొట్టివి. మంద్రస్వరాలు తెరచిన తలుపుగుండా వాకిట్లోకి పోయి మళ్లీ రావడం లేదు. సాబిన్ చెప్పిన తెరచిన కిటికీ అదే. రెండు చిన్న సవరణలతో పని ముగిసింది.

అక్కడ క్యాసెట్టు పెట్టినప్పుడు ఒక విషయం తెలిసింది. ఆ టేపులో గురువుగారి కంఠం ఒక్కటే లేదు. ఆ పడసాల కూడా ఉంది. పద్యం ఆగిన చోట గోడల నుంచి వచ్చే చిన్న ఊపిరి, వాకిట్లో ఎవరో దగ్గడం, దూరాన కాకి అరుపు. ఇది ప్రక్షిప్తమా? కాదు. ఇది మూలప్రతిలోనే ఉన్నది. సాఫ్ట్‌వేరు కొలిచేది తాను పంపిన ఈలను మాత్రమే; టేపులో ఏముందో దానికి తెలియదు. కనుక అది వినే గది చేర్చినదాన్ని తగ్గిస్తుందే కాని, పాడిన గది జోలికి పోదు. వ్యాఖ్యాత రాసుకొన్నదాన్ని తీసివేసి కవి రాసినదాన్ని ఉంచాలన్న నియమాన్ని ఈ యంత్రం తెలియకనే పాటిస్తున్నది. ఆ మధ్యాహ్నం టేపులోని పడసాలా, నేను కూర్చున్న పడసాలా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండు గంటలూ కదలకుండా విన్నాను.

ఇక్కడ నా చెవుల సంగతి కూడా చెప్పాలి. అరవై దాటినవానికి 4,000 హెర్ట్జ్ పైన వినికిడి తగ్గడం సహజం. నాకు కూడా తగ్గిందని వినికిడి పరీక్షలో తేలింది. శ, ష, సలను వేరుచేసే బలమంతా దాదాపు అక్కడే ఉంటుంది. ‘నాన్నా, పై స్వరాలు మీకు సరిపోయేటట్లు పెంచి పెట్టమంటారా?’ అని మా అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. గది దోషం వేరు, చెవి దోషం వేరు. నా చెవికని పాటను పెంచితే, నా మనుమరాలు విన్నప్పుడు అది సూదులై గుచ్చుతుంది. కంటికి చూపు తగ్గితే అద్దాలు పెట్టుకొంటాము. పుస్తకాన్ని మళ్లీ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించము. చెవికి యంత్రం పెట్టుకోవడమే న్యాయమని నిశ్చయించుకొని, అదీ చేయించుకొన్నాను.

హిందూపురం తిరిగి వచ్చి, వెనుక గోడకు రెండు బొంతలు, నేల మీద మందమైన జంపఖానా, గాజు అల్మరాకు తెర వేశాము. గదిలో శోషణ రెట్టింపు అయితే ప్రతినాదం సగమవుతుందన్న సాబిన్ లెక్క ప్రకారం 0.6 దాకా రావాలి, 0.7కు వచ్చింది. అది చాలు. ఇక మిగిలినది ఇంటి లోపలి తగవు. నా కుర్చీకి కొలిచి దిద్దిన పాఠం నా కుర్చీకే సరిపోయింది. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని పూలు కడుతూ వింటుంది. ఒక సాయంత్రం ‘ఏమండీ, మీకు బాగుందేమో గాని, ఇక్కడ మద్దెల వినిపించడమే లేదు’ అన్నది. మైకు తీసుకుపోయి చూస్తే ఆమె మాట అక్షరాలా నిజం. 70 హెర్ట్జ్ తరంగం ఆమె కూర్చునే చోట కొండ కాదు, ముందే పల్లం. నా కోసం తగ్గించిన తొమ్మిది డెసిబెల్ ఆమె వాటాలో నుంచి పోయింది.

అన్ని ప్రతులలో ఒక్కదాన్నే నమ్మితే వచ్చే చిక్కు ఇదే. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టుకొని ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి సరిపోల్చింది అందుకే. నేను కూడా నా కుర్చీ వద్ద, ఆమె చోట, పిల్లలు వచ్చినప్పుడు కూర్చునే దివాను వద్ద, మొత్తం తొమ్మిది చోట్ల కొలిచాను. వాటి సగటు తీసుకొని, అన్ని చోట్లా కనబడిన కొండలనే తగ్గించాను. ఒక్క చోటనే కనబడినవాటిని వదిలివేశాను. 70 వద్ద తొమ్మిది డెసిబెల్ కోత నాలుగుకు దిగింది. నా కుర్చీ వద్ద మృదంగం ఇప్పుడు కొంచెం బరువుగానే ఉంది. ఆమె చోట మద్దెల వినబడుతున్నది. ఈ పాఠమే మా ఇంట్లో స్థిరపడింది.

ఈ పని మొదలుపెట్టాలనుకొనే చదువరులకు నా అనుభవంలో తేలిన వరుస చెప్పుతాను. ముందు స్పీకర్లనూ కుర్చీనీ జరిపి చూడండి, దానికి ఖర్చు లేదు. తరువాత గదికి గుడ్డ తొడగండి. ఆ తరువాతనే మైకు తీయండి. ఒక్క చోట కాక ఇంట్లో వినేవారందరి చోటులలో కొలవండి. 300 హెర్ట్జ్ దాపుల వరకే దిద్దండి. కొండలను తగ్గించండి, గోతులను పూడ్చబోకండి. తెర మీద గీత బల్లపరుపుగా రావాలన్న పంతం వద్దు. ఇంట్లో వినడానికి గీత మంద్రం నుంచి తారానికి కొంచెం వాలుగా ఉంటేనే చెవికి హాయి.

గురువుగారి పఠనంలో శకటరేఫ ఉన్న మాటలను ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇంతవరకు విన్నంతలో పదకొండు చోట్ల ఆయన నాలుక నిస్సందేహంగా అదిరింది. నాలుగు చోట్ల రేఫగానే పలికారు. ఆరు చోట్ల టేపు అరిగిపోయి, ఏ గదిలో విన్నా, ఏ సవరణతో విన్నా తేలలేదు. నా సహాధ్యాయి ఆ ఆరింటినీ నా లెక్కలో వేసుకొమ్మని ఉదారంగా అన్నాడు. వేసుకోలేదు. పాత ముద్రణల్లో గ్రంథపాతమైన చోట చేసినట్లే, ఆ మాటల ఎదుట చుక్కలు పెట్టాను.